ఆసియా కప్పు ఎత్తిన హైదరాబాదీ కెప్టెన్.. అండర్-17, అండర్-20 జట్ల దాకా మన గల్లీ పిల్లల దారి ఎక్కడ ఆగింది?

కోఠి నుంచి అరగంట నడకలో ఫుట్‌బాల్‌తో ముడిపడిన చోట్లు మూడున్నాయి. ఒకటి చాదర్‌ఘాట్. భారత ఫుట్‌బాల్‌కు ఇప్పటిదాకా దొరికిన గొప్ప కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడి హైస్కూల్లో టీచరుగా పనిచేశారు. రెండోది గోషామహల్, పోలీసు శాఖ మైదానం ఉన్న చోటు. మూడోది ఆబిడ్స్ దాటగానే వచ్చే ఫతే మైదాన్, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం.

ఈ ఊరి ఫుట్‌బాల్ లోంచి వచ్చిన షబ్బీర్ అలీ అనే 18 ఏళ్ళ కుర్రాడు 1974లో బ్యాంకాక్‌లో భారత యువ జట్టుకు కెప్టెన్‌గా ఉండి ఆసియా యూత్ చాంపియన్‌షిప్ టైటిల్ అందుకున్నాడు. ఇరాన్‌తో కలిసి సంయుక్త విజేతగా వచ్చిన ఆ టైటిలే ఆసియా యూత్ స్థాయిలో భారత్‌కు మొదటిది. ఇప్పటికీ అదొక్కటే.

ఇక 2017 సంగతి చూద్దాం. అండర్-17 ప్రపంచ కప్ భారత్‌లోనే జరిగింది. ఆతిథ్య దేశం కాబట్టి మన జట్టుకు నేరుగా చోటు దొరికింది. ఆ 21 మందిలో ఒక్క హైదరాబాదీ లేడు. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కడూ లేడు. మ్యాచులు ఆరు నగరాల్లో జరిగితే అందులో హైదరాబాద్ పేరు కూడా లేదు.

1974కీ 2017కీ మధ్య 43 ఏళ్ళు. ఈ మధ్యకాలంలో ఏం పోయింది? అసలు ఈ యూత్ టోర్నీలు ఏంటి, ఎవరు ఆడొచ్చు, ఎలా వెళ్తారు? కోఠి, నాంపల్లి, గౌలిగూడ బస్తీల్లో బంతి తన్నే పిల్లాడికి ఇవాళ ఆ దారి తెరిచే ఉందా?

ముందు లెక్క: అండర్-17, అండర్-20 అంటే ఏంటి?

క్లబ్బులు వేరు, దేశాల జట్లు వేరు. బార్సిలోనా, మోహన్ బగాన్ లాంటివి క్లబ్బులు. డబ్బిచ్చి ఏ దేశం ఆటగాడినైనా తెచ్చుకుంటాయి. యూత్ చాంపియన్‌షిప్‌లో మాత్రం ఆడేది దేశాల జట్లు. ఆ దేశ పౌరుడై ఉండాలి, వయసు పరిమితి దాటకూడదు. ఈ రెండు షరతులకూ మినహాయింపు ఉండదు.

ఆసియాలో ఈ పోటీ 1959లో మొదలైంది. మొదటిది కౌలాలంపూర్‌లో జరిగితే దక్షిణ కొరియా గెలిచింది. అప్పుడు దాన్ని ఆసియన్ యూత్ చాంపియన్‌షిప్ అనేవారు. ఇప్పుడు పేరు ఏఎఫ్‌సీ అండర్-20 ఆసియన్ కప్. చిన్న పిల్లలకు అండర్-17 ఆసియన్ కప్ వేరుగా ఉంది. ప్రపంచ స్థాయిలో యూత్ టోర్నీ ఇంకా ఆలస్యంగా వచ్చింది. అండర్-20 పోటీని ఫిఫా 1977లో ట్యునీషియాలో మొదలుపెట్టింది. చిన్న వయసు వాళ్ళది 1985లో చైనాలో అండర్-16గా మొదలై, 1991 నుంచి అండర్-17 అయింది.

ఇక్కడో విషయం గమనించాలి. 1974 నాటికి ఫిఫా యూత్ ప్రపంచ కప్ అనేదే లేదు. అంటే షబ్బీర్ అలీ జట్టు గెలిచిన రోజున ఆసియా కుర్రాళ్ళకు అంతకన్నా పెద్ద పోటీ ఇంకోటి లేదు. ఆ విజయం తర్వాత వెళ్ళడానికి పై మెట్టూ లేదు.

ఇప్పుడు మెట్లున్నాయి. ముందు ఆసియా క్వాలిఫయర్స్‌లో గ్రూపు గెలవాలి. తర్వాత అండర్-17 ఆసియన్ కప్‌లో 16 జట్ల మధ్య పోటీ. 2025లో ఆ టోర్నీలో క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చిన జట్లకు ప్రపంచ కప్‌లో చోటు దొరికింది. అండర్-20లో ఇంకా కష్టం, సెమీఫైనల్ చేరాలి. అండర్-17 ప్రపంచ కప్‌ను ఫిఫా 2025 నుంచి 48 జట్లకు పెంచింది. 2029 దాకా ప్రతి ఏటా ఖతర్‌లోనే జరుపుతోంది. ఇదివరకు రెండేళ్ళకోసారి 24 జట్లే ఆడేవి. అంటే తలుపు మునుపటికన్నా వెడల్పయింది.

పిల్లల ఆట అని తీసిపారేయలేం

2025 డిసెంబరులో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు నగరమంతా అదే మాట. ఆ మెస్సీని ప్రపంచం మొదటిసారి గట్టిగా గుర్తుపట్టింది సీనియర్ వరల్డ్ కప్‌లో కాదు. 2005లో నెదర్లాండ్స్‌లో జరిగిన యూత్ ప్రపంచ కప్‌లో. అర్జెంటీనాకు కప్పు తెచ్చాడు, ఉత్తమ ఆటగాడు తనే, ఎక్కువ గోల్స్ కొట్టిందీ తనే. అంతకుముందు 1979లో జపాన్‌లో మారడోనా కథ కూడా ఇలాగే మొదలైంది.

మన దేశంలో 2017లో ఉత్తమ ఆటగాడి బహుమతి తీసుకున్నది ఇంగ్లండ్ కుర్రాడు ఫిల్ ఫోడెన్. కోల్‌కతా ఫైనల్లో స్పెయిన్‌ను ఇంగ్లండ్ 5-2తో ఓడించింది. తర్వాత కొన్నేళ్ళకే మాంచెస్టర్ సిటీలో, ఇంగ్లండ్ సీనియర్ జట్టులో ఫోడెన్ పెద్ద పేరయ్యాడు.

ఒక దేశం యూత్ జట్టు ఎలా ఉందో చూస్తే పదేళ్ళ తర్వాత సీనియర్ జట్టు ఎలా ఉంటుందో కొంత అంచనా వేయొచ్చు. కానీ దానంతటదే జరగదు. యూత్ జట్టు గెలిచాక ఆ పిల్లల్ని ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. 1974 దానికి మంచి ఉదాహరణ.

బ్యాంకాక్ 1974: ఒకే కప్పు, రెండు దారులు

ఆ జట్టుకు కోచ్ అరుణ్ ఘోష్. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో రహీం సాబ్ దగ్గర ఆడినవాడు. కెప్టెన్ షబ్బీర్ అలీ. ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఇరాన్. అప్పట్లో ఆసియా యూత్ ఫుట్‌బాల్‌లో ఇరాన్‌కు తిరుగులేదు. 1973 నుంచి 1976 దాకా వరసగా నాలుగేళ్ళు ఒంటరిగానో, ఇంకో దేశంతో కలిసో అదే చాంపియన్. అలాంటి జట్టుతో భారత్ 2-2తో డ్రా చేసుకుంది. రెండు దేశాలనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు.

ఆ తర్వాత రెండు దేశాలు ఎటు పోయాయో చూడండి. ఇరాన్ సీనియర్ జట్టు 1976లో ఆసియన్ కప్ గెలిచింది, 1978లో అర్జెంటీనాలో ప్రపంచ కప్ ఆడింది. భారత సీనియర్ జట్టు అదే 1974 సెప్టెంబరులో టెహ్రాన్ ఆసియా క్రీడలకు వెళ్ళి చైనా చేతిలో 1-7తో ఓడింది. ఏప్రిల్‌లో కుర్రాళ్ళు ఆసియా చాంపియన్లు, సెప్టెంబరులో పెద్దవాళ్ళకు ఏడు గోల్స్!

షబ్బీర్ అలీ తర్వాత చాలా ఏళ్ళు దేశం తరఫున ఆడాడు. ముంబైలో టాటా జట్టుకు, కోల్‌కతాలో మహమ్మదన్ స్పోర్టింగ్‌కు పేరు తెచ్చాడు. కోచ్‌గా మారి 1998-99లో గోవా జట్టు సాల్గావ్‌కర్‌కు నేషనల్ లీగ్ టైటిల్ తెచ్చాడు. 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి ఫుట్‌బాలర్ ఆయనే. ముంబై, కోల్‌కతా, గోవా.. ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. పేరంతా బయటి ఊళ్ళలోనే వచ్చింది.

కెప్టెన్ హైదరాబాద్ నుంచే ఎందుకు వచ్చాడు?

1974 నాటి కెప్టెన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని వెనక పాతికేళ్ళ పని ఉంది. ఆ పని మొదలైంది బడిలో.

రహీం 1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి టీచరయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా కోఠి చుట్టుపక్కల బళ్ళలోనే పనిచేశారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బాధ్యతలు చేతికి వచ్చాక ఆయన పెట్టిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒకటి, డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నీ. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోటి, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి.

వినడానికి సరదాగా ఉంటుంది కానీ లెక్క గట్టిది. గల్లీలో ఆడే పిల్లాడికి బంతి దొరికితే వదలడు, నలుగురిని దాటించి చూపించాలనుకుంటాడు. వాడికి పాసు అలవాటు చేయాలంటే ఉపన్యాసం పనికిరాదు, ఆట నియమమే మార్చాలి. రెండు కాళ్ళూ ఆడాలంటే మంచి కాలిని కొన్నాళ్ళు కట్టేయాలి. పిల్లల్లో పద్ధతి పెంచడానికి ఆయన వాడిన పాఠం టోర్నీయే.

1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీం సాబ్ చేతిలో ఉంది. 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు ముంబైలో రోవర్స్ కప్‌ను వరసగా ఐదు సార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో గెలిస్తే, ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో గెలిచింది. ఆ మూడు టైటిళ్ళ తర్వాత నాలుగోది రాలేదు.

భారత జట్టుకు ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ బంగారం. మెల్‌బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం.. ఇలా మన ఊరి వాళ్ళే ఒక గుంపు. ముస్లిం బస్తీ కుర్రాడు, కంటోన్మెంట్ తమిళ కుటుంబం పిల్లాడు ఒకే మైదానంలో పెరిగిన రోజులవి.

జకార్తా ఫైనల్ నాటికే రహీం సాబ్ జబ్బుపడి ఉన్నారు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది. అయితే సినిమాలో కనిపించేది ఎక్కువగా ఒలింపిక్స్, ఆసియా క్రీడలు. ఊరికి ఆయన మిగిల్చింది బడి, టోర్నీ, పోలీసు ఉద్యోగం అనే మూడు మెట్లు. పిల్లాడు బడిలో మొదలుపెడతాడు, స్థానిక టోర్నీలో కంటపడతాడు, బాగా ఆడితే పోలీసులోనో ఇంకో డిపార్టుమెంటులోనో నౌకరీ వస్తుంది. పేద ఇంట్లో తండ్రి "ఆడుకో బేటా" అనగలిగింది ఆ చివరి మెట్టు కనిపించింది కాబట్టే.

ఊరు ఖాళీ అయిన తీరు

రహీం సాబ్ పోయాక కూడా పదిహేనేళ్ళు ఆ పంట చేతికొస్తూనే ఉంది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులోనే మహమ్మద్ హబీబ్. ఆ తర్వాత హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. పేర్లు బాగానే ఉన్నాయి. కానీ వీళ్ళంతా పేరు తెచ్చుకున్నది ఎక్కువగా కోల్‌కతా మైదానాల్లో. అక్కడ క్లబ్బులు డబ్బిచ్చాయి, వేల మంది చూసేందుకు వచ్చారు.

ఆటగాడు బయటికి వెళ్ళడంలో తప్పేం లేదు. పొట్టకూటి కోసం ఎవరైనా వెళ్తారు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, పెద్ద ఆటగాళ్ళు వెళ్ళిపోయాక స్థానిక లీగ్ చూసేవాళ్ళు తగ్గారు. చూసేవాళ్ళు తగ్గితే పెట్టేవాళ్ళు తగ్గారు. డిపార్టుమెంట్లలో స్పోర్ట్స్ కోటా నియామకాలు పలచబడ్డాయి. పదేళ్ళ పిల్లాడికి తన గల్లీ అన్న హబీబ్ రోజూ కళ్ళ ముందు ఆడుతూ కనిపించడం ఆగిపోయింది. 1983 తర్వాత క్రికెట్ ప్రతి ఇంటి టీవీలోకి వచ్చింది, ఉన్న కాస్త ఖాళీ జాగాలో కూడా మూడు కర్రలు పాతారు.

2017: ప్రపంచ కప్ వచ్చింది, మనకు కాదు

2017 అక్టోబరు 6 నుంచి 28 దాకా ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, నవీ ముంబై, గువాహటి, గోవాలో అండర్-17 ప్రపంచ కప్ జరిగింది. స్టేడియాలకు వచ్చిన జనం 13 లక్షలు దాటారు, ఈ టోర్నీ చరిత్రలో అప్పటిదాకా అదే రికార్డు. భారత్ అమెరికా చేతిలో 0-3తో, కొలంబియా చేతిలో 1-2తో, ఘనా చేతిలో 0-4తో ఓడింది. కొలంబియాపై జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్, ఫిఫా ప్రపంచ కప్ టోర్నీల్లో ఏ స్థాయిలోనైనా భారత్‌కు మొదటి గోల్.

జీక్సన్‌ది మణిపూర్. జట్టులో 21 మంది ఉంటే ఎనిమిది మంది ఆ ఒక్క రాష్ట్రం వాళ్ళే. మణిపూర్ జనాభా హైదరాబాద్ నగరం జనాభాలో సగం కూడా ఉండదు. మరి వాళ్ళకు ఎలా సాధ్యమైంది? అక్కడ ఊరి క్లబ్బు అనేది బతికి ఉంది. పిల్లలు ఆడే పోటీలకు జనం వస్తారు. జీక్సన్, కెప్టెన్ అమర్‌జీత్ లాంటి వాళ్ళు చిన్నప్పుడే ఇల్లు వదిలి చండీగఢ్ ఫుట్‌బాల్ అకాడమీకి వెళ్ళారు. అక్కడ చదువు, తిండి, ఆట ఒకేచోట. అంటే ఒకప్పుడు చాదర్‌ఘాట్‌లో ఉన్న బడి-టోర్నీ పద్ధతి ఇంఫాల్‌లో వేరే రూపంలో నడుస్తోంది.

క్లబ్బు పోయింది, మైదానం తగ్గుతోంది

హైదరాబాద్‌కు మధ్యలో ఒక మంచి అవకాశం వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2021-22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించింది. పిల్లల ఒంటిమీద పసుపు జెర్సీలు కనిపించాయి. తర్వాత ఆర్థిక ఇబ్బందులు, యాజమాన్యం మార్పు. చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఉన్న శ్రీనిధి డెక్కన్ నగరానికి మిగిలిన పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బు. కోఠి పిల్లాడికి అది పూర్తిగా నగరం అవతల.

ఇక మైదానాల సంగతి. 2025 జనవరి 31న గోషామహల్ మైదానంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. చుట్టుపక్కల వాళ్ళు కొందరు వ్యతిరేకించారు. అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి భవనం ఎంత శిథిలంగా ఉందో అందరికీ తెలుసు, పేదలకు పెద్దాసుపత్రి కావాల్సిందే. దాన్ని కాదనలేం. కానీ మైదానం పోయినప్పుడు దానికి బదులు నడిచి వెళ్ళేంత దూరంలో ఇంకో మైదానం ఇస్తున్నారా అన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైనది. గచ్చిబౌలిలో ఎంత మంచి స్టేడియం ఉన్నా, సాయంత్రం ఐదింటికి గౌలిగూడ నుంచి పదకొండేళ్ళ పిల్లాడు రోజూ అక్కడికి వెళ్ళి రాలేడు. చాదర్‌ఘాట్‌లో ఒక ప్లేగ్రౌండ్ ఉంది. నిజాం కాలేజీ గ్రౌండ్ ఉంది. ఉన్నవి పిల్లలకు ఏ వేళలో, ఎంతసేపు దొరుకుతాయన్నదే లెక్క.

ఇవాళ ఒక పిల్లాడు వెళ్ళాలంటే దారి ఇది

దారి కష్టమే కానీ మూసేసి లేదు. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పుట్టిన తేదీ. యూత్ ఫుట్‌బాల్ అంతా పుట్టిన సంవత్సరం మీద నడుస్తుంది. 2017 అండర్-17 ప్రపంచ కప్‌కు 2000 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే అర్హులు. అందుకే బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు మూడింటిలో ఒకే తేదీ ఉండాలి. బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ రాయించేయడం మన దగ్గర మామూలే. పదేళ్ళ తర్వాత ఆ పొరపాటు సెలక్షన్ రోజున బయటపడుతుంది.

వయసు తగ్గించి చూపిస్తే లాభం అనుకునేవాళ్ళూ ఉన్నారు. అది ఎక్కువ దూరం పోదు. 2009 నుంచి ఫిఫా అండర్-17 టోర్నీలో మణికట్టుకు ఎంఆర్ఐ తీస్తోంది. ఎదిగే వయసులో మణికట్టు ఎముక చివర ఒక పలక ఉంటుంది. ఎదుగుదల ఆగాక అది ఎముకలో కలిసిపోతుంది. పూర్తిగా కలిసిపోయి కనిపిస్తే కాగితం మీద ఏ తేదీ ఉన్నా ఆడనివ్వరు. మన దేశంలో చిన్న వయసు టోర్నీలకు మణికట్టు ఎక్స్‌రేతో ఇలాంటి పరీక్షే చేస్తారు. దొంగ వయసుతో ఆడిన పిల్లాడు తన కెరీర్ పోగొట్టుకోవడమే కాదు, నిజమైన వయసున్న ఇంకో పిల్లాడి చోటు కూడా తినేస్తాడు.

రెండోది రిజిస్ట్రేషన్. గల్లీలో ఎంత బాగా ఆడినా ఫుట్‌బాల్ ఫెడరేషన్ రికార్డులో పేరు లేకపోతే వాడు లేనట్టే. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కు సీఆర్ఎస్ అనే ఆన్‌లైన్ నమోదు పద్ధతి ఉంది. గుర్తింపు ఉన్న క్లబ్బు లేదా అకాడమీ ద్వారా అందులో పేరు ఎక్కాలి. అకాడమీలో ఫీజు కట్టే ముందు "పిల్లాడి పేరు సీఆర్ఎస్‌లో ఎక్కిస్తారా, ఏ లీగ్ ఆడిస్తారు" అని అడగాలి. సమాధానం లేదంటే, వాళ్ళు కోచింగ్ ఇస్తున్నారు కానీ దారి చూపించడం లేదని అర్థం.

ఈ నమోదుతో క్లబ్బుకూ లాభమే. ఫిఫా నియమాల ప్రకారం, 12 ఏళ్ళ నుంచి ఆటగాడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు, అతను తర్వాత వేరే దేశం క్లబ్బుతో ప్రొఫెషనల్‌గా సంతకం చేసినప్పుడు, క్లబ్బు మారినప్పుడు పరిహారంలో వాటా వస్తుంది. కాగితం మీద పేరున్న చిన్న క్లబ్బుకే అది దక్కుతుంది.

మూడోది పోటీలు. బడి వైపు నుంచి సుబ్రతో కప్ ఉంది. 1960 నుంచి నడుస్తోంది, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విభాగాలున్నాయి. స్కూలు జట్టు జిల్లా, రాష్ట్రం గెలిస్తే జాతీయ పోటీకి వెళ్తుంది. రాష్ట్ర జట్ల వైపు నుంచి సబ్ జూనియర్‌కు మీర్ ఇక్బాల్ హుస్సేన్ ట్రోఫీ, జూనియర్‌కు బీసీ రాయ్ ట్రోఫీ. జాతీయ కోచ్‌లు పిల్లల్ని చూసేది ముఖ్యంగా ఇలాంటి చోట్ల, క్లబ్బుల యూత్ లీగుల్లో. కాబట్టి బడి సుబ్రతో కప్‌కు జట్టు పంపకపోతే, ఆ బడి పిల్లలందరికీ ఒక తలుపు మూసుకున్నట్టే. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగినట్టే దీని గురించీ అడగొచ్చు.

నాలుగోది పాస్‌పోర్టు. భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు తప్పనిసరి, ఓసీఐ కార్డు చాలదు. అమెరికాలో పుట్టి అక్కడి పౌరసత్వం ఉన్న తెలుగు పిల్లలు ఆడలేరు. 2017 జట్టులోని గోల్‌కీపర్ సన్నీ ధలివాల్ కెనడాలో పుట్టినవాడు, అక్కడి పౌరసత్వం వదులుకున్నాకే ఆడగలిగాడు. గల్ఫ్ సంగతి వేరు. జెద్దా, దుబాయ్, దోహాల్లో పుట్టి పెరిగిన హైదరాబాదీ పిల్లలకు ఎక్కువ మందికి భారత పాస్‌పోర్టే ఉంటుంది. వాళ్ళు పూర్తిగా అర్హులు. అక్కడి అకాడమీల్లో మంచి గడ్డి మీద ఆడుతున్న పిల్లల తల్లిదండ్రులు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

అమ్మాయిల దారి

అమ్మాయిలకు ఈ టోర్నీలన్నీ ఉన్నాయి. 2022 అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచ కప్ కూడా భారత్‌లోనే భువనేశ్వర్, గోవా, నవీ ముంబైలో జరిగింది. మన జట్టు మూడు మ్యాచులూ ఓడింది, అమెరికా చేతిలో 0-8. స్కోరు చూసి నవ్వడం తేలిక. కానీ అబ్బాయిల కన్నా అమ్మాయిలకు మన దేశంలో లీగ్ మ్యాచులు ఎంత తక్కువ దొరుకుతాయో చూస్తే ఆ స్కోరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

తెలంగాణ నుంచి ఒక పేరు మాత్రం గట్టిగా వినిపిస్తోంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత సీనియర్ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడుతోంది. రాజధాని నగరం స్టేడియాలు, అకాడమీలు పెట్టుకుని కూర్చుంటే, జాతీయ జట్టుకు ఆటగత్తె జిల్లా నుంచి వచ్చింది. సౌకర్యం కన్నా పట్టించుకునే ఒక కోచ్, ఆడనిచ్చే ఒక ఇల్లు ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది. పాతబస్తీలో, నాంపల్లిలో ఆడాలనుకునే ఆడపిల్లలకు కావాల్సింది కూడా అదే. దానికి తోడు సాయంత్రం వేళ భయం లేకుండా వెళ్ళి వచ్చే మైదానం.

చేయగలిగేది ఏంటి?

పెద్ద స్టేడియం కట్టడం ప్రభుత్వం పని. కానీ 1940ల్లో రహీం సాబ్ దగ్గర పెద్ద స్టేడియం లేదు. ఆయన దగ్గర ఉన్నది బడి పిల్లలు, సాయంత్రం రెండు గంటలు, ఒక ఆలోచన. డ్రిబ్లింగ్ లేని టోర్నీకి ఫ్లడ్‌లైట్లు అక్కర్లేదు. కోఠి, సుల్తాన్ బజార్, నాంపల్లి, మల్లేపల్లి బళ్ళు నాలుగైదు కలిసి ఆదివారం ఉదయం పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇలాంటి పోటీ పెట్టుకోవచ్చు. ఈ ఊళ్ళో పాత ఆటగాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను ప్రైజుల పంపిణీకి పిలిచి శాలువా కప్పి పంపించేస్తున్నాం. వారానికి ఒక రోజు పిల్లల దగ్గరికి పిలిస్తే ఆ శాలువా కన్నా వాళ్ళకే ఎక్కువ సంతోషం.

ప్రభుత్వం వైపు నుంచి కావాల్సినవి కూడా చిన్నవే. మైదానం తీసుకుంటే బదులు మైదానం. బడి గ్రౌండ్లు సాయంత్రం ఏడింటి దాకా తెరిచి ఉంచడం. పోలీసు, ఆర్టీసీ, విద్యుత్ శాఖల్లో ఆటగాళ్ళకు నౌకరీలు మళ్ళీ సక్రమంగా ఇవ్వడం. చివరి మెట్టు కనిపిస్తేనే ఇంట్లో వాళ్ళు మొదటి మెట్టు ఎక్కనిస్తారు.

2025 నవంబరు 30న అహ్మదాబాద్‌లో భారత అండర్-17 జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి 2026 అండర్-17 ఆసియన్ కప్‌కు అర్హత సాధించింది. యాభై ఏళ్ళ కింద బ్యాంకాక్‌లో షబ్బీర్ అలీ జట్టుతో కప్పు పంచుకున్న దేశం అదే ఇరాన్. దేశం మళ్ళీ ఆ మెట్టు దగ్గరికి వచ్చింది. అండర్-17 ప్రపంచ కప్ 2029 దాకా ఏటా ఉంటుంది. 2029లో ఆడబోయే పిల్లలు ఇప్పుడు ఆరో తరగతో, ఏడో తరగతో, ఎనిమిదో తరగతో చదువుతుంటారు. వాళ్ళలో ఒకడు చాదర్‌ఘాట్ వైపు నుంచి రావాలంటే, ఈ ఏడాది వాడి బడి సుబ్రతో కప్‌కు పేరు ఇచ్చిందో లేదో ముందు కనుక్కోవాలి.